ఏది నలభై

డోంగ్వాన్‌లో పొద్దుటి టీకి జనం నిండిన హోటలు. హెడ్‌ఫోన్ల ఫ్యాక్టరీలో ధ్వని కుదిర్చే మాక్ గురువుగారు గోడ పక్క బల్ల దగ్గర కూర్చున్నారు. ఎదురుగా ఆయన శిష్యురాలు లీపింగ్. ఒళ్లో సంచి ఆమె ఇంకా కింద పెట్టలేదు.

“టీ కప్పులో పొయ్యమ్మా, బల్లకి కాదు.”

“కప్పు జరిగింది గురువుగారూ.”

“కప్పుకి కాళ్లున్నాయా జరగడానికి. ఇటు తే, నేను పోసుకుంటాను.”

“శిష్యురాలు ఎదురుగా ఉండగా గురువు టీ పోసుకుంటే చూసేవాళ్లు ఏమనుకుంటారు.”

“చూసేవాళ్లు నిన్నటినుంచి అనుకుంటూనే ఉన్నారు. ఇవాళ కొత్తగా అనుకునేదేముంది.”

“మీరు వేళ్లతో బల్ల తట్టనేలేదు. టీ పోస్తే మర్యాదకి ఎప్పుడూ తట్టేవారు.”

“బల్లకి పోశావుగా. దాన్నే తట్టమను. సంచి కింద పెట్టు.”

“ఉండనివ్వండి.”

“అందులో ఉందా?”

“ఏమిటి?”

“ఏమిటేమిటి. మన యజమాని క్వాంగ్ పంపిన నమూనా.”

“ఉంది. తర్వాత చూద్దాం. ముందు ఏదైనా తినండి. రొయ్యల కుడుములు చెప్పనా? కోడికాళ్లు?”

“యజమాని నిన్ను నాకు కోడికాళ్లు తినిపించమని పంపాడా, సంతకం తెమ్మని పంపాడా?”

“సంతకానికే. కానీ తొందరేం లేదన్నారు.”

“క్వాంగ్ తొందర లేదన్నాడా. వాడు పుట్టడమే ఏడో నెలలో పుట్టాడు. ఆ మాట వాడి నోట నేనెప్పుడూ వినలేదు.”

“సరుకు కొనడానికొచ్చిన లూ గారు మధ్యాహ్నం రైలుకి హాంగ్‌ఝౌ వెళ్లిపోతారట. ఆయన వెళ్లేలోపు నమూనా చేతికివ్వాలి.”

“అదీ అలా చెప్పు. మరి పెన్ను తీ.”

“పెన్ను తేలేదు గురువుగారూ.”

“సంతకానికి వచ్చి పెన్ను తేలేదా.”

“గుర్తు లేదు.”

“గుండుసూదంత స్క్రూ ఎక్కడ పడిందో మర్నాటికి కూడా గుర్తుపెట్టుకునే పిల్లవి. పెన్ను మర్చిపోయావు.”

“మర్చిపోయాను. మనిషి అన్నాక మర్చిపోరా. కామ్ అక్కా, ఆ కుడుముల బండి కాస్త ఇటు తోయండి.”

“వస్తున్నా వస్తున్నా. మాక్ తాతా, ఇవాళ శిష్యురాలు కూడా వచ్చిందే. కుడుములు ఇప్పుడే దించారు. పెట్టనా?”

“పెట్టు కామ్. ఈ పిల్ల తినిపించాలని కంకణం కట్టుకు వచ్చింది.”

“మిమ్మల్నే ఒక మాట అడగాలని చూస్తున్నా తాతా. మీరు హెడ్‌ఫోన్ల మనిషి కదా. మా వాడు కొత్తవి కావాలని ప్రాణం తోడేస్తున్నాడు. అందులో యాభై ఉండాలట. నలభై అయితే తోటివాళ్లు నవ్వుతారట. అసలు ఈ యాభై ఏమిటి?”

“లోపల ఉండే బిళ్ల. డ్రైవర్ అంటారు. గుండ్రంగా ఉంటుంది, ముందు పల్చని పొర. ఆ పొర ఊగితే చప్పుడు పుడుతుంది. ఈ అంచునుంచి ఆ అంచుకి యాభై మిల్లీమీటర్లుంటే యాభై. నలభై ఉంటే నలభై.”

“అయితే పెద్దదే మంచిది కదా. పెద్ద గంగాళంలో ఎక్కువ అన్నం.”

“ఎక్కువ అన్నం సరే. రుచి? ఆ కుడుముల బుట్ట మూత తీసి వేలితో కొట్టు.”

“కొట్టాను.”

“ఇప్పుడు ఈ టీకుండ మూత. తేడా తెలిసిందా. పెద్ద పొర గాలి ఎక్కువ తోస్తుంది. డప్పు దద్దరిల్లుతుంది. అది నిజమే, కాదనను. కానీ పల్చటి పొరని అలాగే పెద్దగా సాగదీస్తే మధ్య భాగం ఒక దారి, అంచు ఒక దారి. సన్నటి స్వరం వచ్చేసరికి ముక్కలు ముక్కలుగా ఊగుతుంది. పాడేవాడి గొంతు మీద దుప్పటి కప్పినట్టుంటుంది.”

“అంటే యాభై కొనొద్దంటారా.”

“వద్దనలేదు. పొర గట్టిపడాలి, అయస్కాంతం మారాలి, వెనకాల గాలి ఆడే చోటు కుదరాలి. ఇవన్నీ చేస్తే యాభై కూడా బంగారమే. నేనే చేశాను ఒకప్పుడు. రెండు శీతాకాలాలు పట్టింది. ఇవేవీ లేకుండా కొలత ఒక్కటీ పెంచితే ఏమవుతుంది? చెప్పు పెద్దది కొన్నంత మాత్రాన కాలు పెరుగుతుందా?”

“మా వాడికి ఇదంతా చెప్తే వింటాడా తాతా. పెట్టె మీద యాభై అని ఉండాలి, అంతే.”

“విన్నావా లీపింగ్? పెట్టె మీద ఉంటే చాలట.”

“విన్నాను.”

“కామ్, కొన్నాళ్లు ఆగు. మా ఫ్యాక్టరీవే యాభైవి వస్తున్నాయి. పెట్టె మీద నా పేరు కూడా అచ్చు వేస్తారట. నీ వాడికి అవి కొను.”

“మీ పేరుంటే ఇంకేం తాతా, కళ్లు మూసుకుని కొంటాను.”

“మూసుకోకు. నిన్న నేను మూసుకున్నాను.”

“ఏమిటి?”

“ఏం లేదు. నీ దగ్గర పెన్ను ఉందా?”

“పెన్సిలుంది. ఏయే పళ్లేలు ఇచ్చానో చీటీ మీద గుర్తు పెట్టేది.”

“పెన్సిలు పనికిరాదక్కా. చెరిగిపోతుంది.”

“కౌంటరులో పెన్ను ఉండాలి. తెస్తానుండు.”

“తొందర లేదక్కా, మీ పని చూసుకోండి—”

“తెచ్చిపెట్టు కామ్. ఈ కుండలో నీళ్లెవరు పోశారు?”

“నేనే. మూత తీసి పెట్టారుగా, వేడినీళ్లు కావాలేమో అనుకున్నా.”

“పాఠం చెప్పడానికి తీశాను తల్లీ. సరే, పోసినవి తోడలేం.”

“ఆ వెళ్లే ఆవిడకి మీ మాట అంటే ఎంత గురి గురువుగారూ.”

“గురి నా మీద కాదు, నా పేరు మీద. ఆ లూ కూడా అంతే. నిన్న నన్ను చూసి నవ్వి, ఇవాళ నా సంతకమే కావాలంటున్నాడు. అదేం చోద్యం?”

“మీరు తప్పు చెప్పినా మంచిదాన్నే ఎంచుకున్నారట. నలభై నలభై అనే మనిషే చివరికి యాభైని మెచ్చుకున్నాడు, ఇంతకంటే ప్రకటన ఏం కావాలి, పెట్టె మీద వేద్దాం అన్నారు.”

“తెలివైనవాడు. నిన్న నేను గదిలోంచి వచ్చేశాక ఎంతసేపు నవ్వారు?”

“ఎవరూ నవ్వలేదు.”

“లీపింగ్.”

“కాసేపు.”

“ముందు ఎవరు?”

“లూ గారు. వదిలెయ్యండి గురువుగారూ. కుడుము తినండి.”

“ఏమన్నాడు?”

“ఏదో అన్నారు.”

“చెప్పు. నా చాటున అన్నది నాకు తెలియాలి కదా.”

“కళ్లకి తువ్వాలు కట్టగానే ముసలాయన యాభైని కౌగలించుకున్నాడు, విప్పగానే విడాకులిచ్చాడు అన్నారు.”

“బాగా అన్నాడు. నేనైనా నవ్వుదును. క్వాంగ్?”

“క్వాంగ్ గారు నవ్వలేదు. గోడవైపు తిరిగి సిగరెట్టు వెలిగించుకున్నారు.”

“వాణ్ణి అనడానికి లేదు. పందెం నేను ఒప్పుకున్నదే. చెవుల మీద ఒకే రకం గిన్నెలున్న రెండు సెట్లు. ఒకదాంట్లో నా నలభై, ఒకదాంట్లో వాళ్లు హడావిడిగా చేసిన యాభై. కళ్లకి కట్టు కట్టుకుని ఏది నలభైయో చెప్పాలి. చెప్తే నలభైతోనే తయారీ. చెప్పలేకపోతే యాభై, నోరెత్తకూడదు. ఇంతేగా.”

“ఇంతే.”

“రెండోదాన్ని పట్టుకుని ఇదే నా నలభై అన్నాను. కట్టు విప్పితే దాని చీటీ మీద యాభై అని ఉంది. ఇంతేగా.”

“ఇంతే.”

“రెండూ నువ్వే కదా నా తల మీద పెట్టింది.”

“నేనే.”

“ఊఁ.”

“గురువుగారూ, ఆ కిటికీ దగ్గర లియాంగ్ గారి బల్ల మీద పంజరం ఉందే, ఆ పిట్ట మీది కదా?”

“నాదే. వాడికిచ్చేశాను.”

“అదేమిటి. దానికి మిడతలు పట్టడానికి ఆదివారాలు కాలవ గట్టంట తిరిగేవారు.”

“పాడ్డం మానేసింది. ఎదురుగా కూర్చుని ఎంతసేపు చూసినా నోరు ఆడించడమే గాని పాట లేదు. ఇక నాకెందుకు.”

“మానెయ్యడమేమిటి, ఎంత బాగా పాడుతోందో. ఇంత గోలలోనూ వినిపిస్తోంది.”

“పాడుతోందా?”

“వినండి. ఇదిగో, ఇప్పుడు.”

“ఊఁ. లియాంగ్ ఇంటి నీళ్లు పడ్డాయన్నమాట. నా ఇంట్లో మౌనవ్రతం, వాడింట్లో కచేరీ. పిట్టలకీ విశ్వాసం లేదు.”

“అలా అనకండి.”

“పిట్టని అన్నాను. నీ మొహం ఎందుకు పాలిపోయింది?”

“వేడిగా ఉంది ఇక్కడ.”

“వేడికి మొహం ఎర్రబడుతుంది. సరే. చూడు, నిన్న రాత్రే నిర్ణయించుకున్నాను. ఈ సంతకం ఒక్కటీ పెడతాను, ఆ తర్వాత కుర్చీ నీకు అప్పజెప్తాను. తప్పిన చెవికి కుర్చీ ఎందుకు.”

“ఒక్కసారికే—”

“తూకం రాయి ఒక్కసారి తేడా వస్తే చాలు. మళ్లీ దాంతో ఎవడైనా తూస్తాడా?”

“మీ సంతకం పడ్డ సెట్టు ఒక్కటి కూడా ఇన్నేళ్లలో వెనక్కి రాలేదు. డ్రైవర్ల లైను మీద గరగరమనే బిళ్లలు ఏరే పిల్లల్లోంచి నన్ను తీసి వినే గదిలో కూర్చోబెట్టారు. చెవి పట్టి నేర్పించారు. పొర మీద వెంట్రుక పడినా తెలిసేలా నేర్పించారు. ఆ చెవి తప్పిందని మీరంటే నేనెలా ఊరుకుంటాను.”

“ఊరుకోక ఏం చేస్తావు. నిన్న ఊరుకున్నావుగా.”

“గురువుగారూ…”

“మాటవరసకి అన్నాను. తిను.”

“మీకు గుర్తుందో లేదో, సంతకం పెట్టే ముందు మీరు తెరమీద గీతల వంక చూసేవారు కాదు. నా వంకే చూసేవారు. ఇద్దరం చెరో సెట్టూ పెట్టుకుని అదే పాట వింటున్నా మీ కళ్లు నా మొహం మీదే. పరీక్ష పెడుతున్నారేమోనని నాకు చెమటలు పట్టేవి.”

“అలవాటు.”

“నా మొహం ఏమాత్రం ముడిపడినా ‘మళ్లీ కుదర్చు’ అనేవారు. ఎంత పదునైన చెవి, నేను తలెత్తేలోపే పట్టేశారు అనుకునేదాన్ని.”

“ఇదిగో తాతా, పెన్ను. మేనేజరుది, పోగొట్టకండి. నన్ను చంపేస్తాడు.”

“పోగొట్టను కామ్. ఒక్క సంతకానికే.”

“మా వాడికి చెప్తా, మాక్ తాత సంతకం పెట్టడం నా కళ్లారా చూశానని. పెట్టండి, చూస్తా.”

“కామ్ అక్కా, అటు బల్లవాళ్లు పిలుస్తున్నారు.”

“ఎవరూ పిలవడం లేదే.”

“పిలుస్తున్నారు. చెయ్యి ఊపారు.”

“పో కామ్, తర్వాత చూద్దువుగాని. ఊఁ, లీపింగ్, పెన్ను వచ్చింది. నమూనా తీ.”

“కుడుములు చల్లారిపోతున్నాయి.”

“తీ.”

“ఇదిగో.”

“చీటీ అప్పుడే అతికించేశారే. గిన్నె అతుకు మీద అటు సగం, ఇటు సగం. సంతకం అతుకు మీదుగా పడాలి. ఈ పద్ధతి ఫ్యాక్టరీలో పెట్టింది నేనే, తెలుసా?”

“మీరే చెప్పారు.”

“సంతకం పడ్డాక ఇక ఎవడూ విప్పకూడదు. విప్పితే సంతకం చిరుగుతుంది, దొరికిపోతాడు. ఒకటి మన దగ్గర, ఒకటి కొన్నవాడి దగ్గర. లైను మీద వచ్చే ప్రతి సెట్టూ దీనిలా ఉందా లేదా అనే చూస్తారు. ఇందులో ఏముంటే అదే సత్యం.”

“తెలుసు.”

“తెలిస్తే చెయ్యి తియ్యి. అతుకు మీద పెట్టావు.”

“తియ్యను.”

“ఏమిటిది, పెన్ను లాక్కుంటావేం చిన్నపిల్లలా.”

“దీని మీద మీరు సంతకం పెట్టొద్దు.”

“క్వాంగ్ పెట్టించమన్నాడు, నువ్వు పెట్టొద్దంటావు. ఎవరి మాట వినను?”

“ఇందులో యాభై లేదు.”

“మరేముంది?”

“నలభై ఉంది. మీ నలభై. చుట్టూ ప్లాస్టిక్ వలయం బిగించి యాభై గూట్లో కూర్చోబెట్టారు.”

“కూర్చోబెట్టారు?”

“కూర్చోబెట్టాను.”

“ఊఁ.”

“నిన్న మీరు రెండోసారి పెట్టుకున్నది ఇదే సెట్టు. మీరు చెప్పిందే నిజం. అది మీ నలభైయే. చీటీలు తారుమారయ్యాయి. నలభై అన్న చీటీ ఉన్నదాంట్లో మన హడావిడి యాభై ఉంది.”

“చీటీలు వాటంతట అవే తారుమారయ్యాయా?”

“క్వాంగ్ గారు…”

“క్వాంగ్ మార్చాడా?”

“మార్చమన్నారు.”

“ఆ మాట అన్నాడా? ‘చీటీలు మార్చు’ అని?”

“‘ఏదో ఒకటి చెయ్యి, లూ ఇక్కణ్ణించి ఖాళీ చేతులతో వెళ్లకూడదు’ అన్నారు.”

“అంటే అనలేదు.”

“అనలేదు.”

“మార్చింది—”

“నేను. నేనే. మీరు గదిలోకి వచ్చే ముందు, నా చేతులతో.”

“టీ తాగు.”

“మీరు ఆశ్చర్యపోలేదేం?”

“వయసు. ఆశ్చర్యపోవడానికి కూడా ఓపిక ఉండాలి. ఎందుకు మార్చావు?”

“మన యాభై వింటే లూ గారు పారిపోతారు. మీ నలభై వింటే ఒప్పుకుంటారు, కానీ పెట్టె మీద నలభై ఉంటే కొనరు. ఆయనకి చెవికి మీది కావాలి, కంటికి యాభై కావాలి. ఆయన వెళ్లిపోతే వినే గది మూసేస్తానని క్వాంగ్ గారు ఎప్పటినుంచో అంటున్నారు. పిల్లలందరూ ఊళ్లకి పోవాలి. అందుకని.”

“అందుకని పాట నాది, పేరు యాభైది.”

“అవును.”

“లూకి తెలుసా?”

“తెలియదు. మీరు వెళ్లాక ఆయన కూడా పెట్టుకుని విన్నారు. యాభై అంటే ఇలా ఉండాలి, గొంతు నా ముందు కూర్చుని పాడినట్టుంది అని మురిసిపోయారు.”

“క్వాంగ్‌కి?”

“విన్నాక అర్థమైంది. ఆయనకి మీ పనితనం తెలియదా. నా దగ్గరకొచ్చి భుజం మీద చెయ్యి వేసి, కుర్చీ వంక చూశారు.”

“ఏ కుర్చీ?”

“మీ కుర్చీ.”

“నీకు కావాలనిపించిందా?”

“లేదు.”

“లీపింగ్.”

“అనిపించింది. ఆయన చెయ్యి నా భుజం మీద ఉన్నంతసేపూ అనిపించింది.”

“కట్టు విప్పి నేను చీటీ చూసుకున్నప్పుడు నువ్వెక్కడున్నావు?”

“మీ వెనకే.”

“నోరు విప్పలేదు.”

“మీరు వెళ్లిపోతుంటే మీ చొక్కా వీపు మీద చెమట తడి కనిపిస్తోంది. దాన్నే చూస్తూ నిలబడ్డాను. సాయంత్రం మీ వీధి చివర పండ్ల కొట్టు దాకా వచ్చాను. బత్తాయిలు కొన్నాను. అవి పట్టుకునే వెనక్కి పోయాను.”

“బత్తాయిలు ఏవీ?”

“గదిలో ఉన్నాయి. ఎవరికీ పెట్టలేదు. వాటివంక చూడలేకపోతున్నాను.”

“పాపం బత్తాయిలేం చేశాయి.”

“నవ్వకండి గురువుగారూ. మీరు తిట్టినా బాగుండును. నేను చేసిన పని మీకింకా పూర్తిగా తెలియలేదు. చీటీలు మారిస్తే చాలదు. మీ చెవి చెడిపోయి ఉంటే ఈ ఎత్తు పారదు. మీరు అటో ఇటో ఏదో ఒకటి అంటారు. మీ చెవి తప్పదని, ఎంతమందిలోనైనా మీ బిళ్లని మీరు పట్టుకుంటారని నమ్మాను. ఆ నమ్మకంతోనే మార్చాను. మీ చెవి మీద నాకున్న గురినే తాడు పేని మీ మెడకి వేశాను.”

“ఎవరికీ రాని ఆలోచన.”

“క్వాంగ్ గారికి రాదు. లూ గారికి రాదు. మీ పక్కన కూర్చుని నేర్చుకున్నదానికే వస్తుంది. అదే నన్ను తినేస్తోంది.”

“ఇప్పుడేం చేద్దామని?”

“లేవండి, ఫ్యాక్టరీకి పోదాం. లూ గారి ఎదురుగానే రెండు సెట్లూ విప్పుతాను. ఎవరు మార్చారో నా నోటితో చెప్తాను. మీరు మీ కుర్చీలో కూర్చోండి.”

“నీ పని పోతుంది.”

“పోనివ్వండి.”

“లూ పోతాడు.”

“పోనివ్వండి. నలభైని నలభై అని చెప్పి అమ్మేవాడు ఎక్కడో ఒకడు ఉండకపోడు.”

“గదిలో పిల్లలు?”

“వాళ్ల పేరు చెప్పుకునే నిన్న నోరు మూసుకున్నాను. వాళ్లకి కూడా నేనే చెప్తాను. తిట్టనివ్వండి. కామ్ అక్క మీ పేరుంటే కళ్లు మూసుకుని కొంటానంది. ఆవిడకి అబద్ధం అమ్మలేను.”

“పెన్ను ఇలా ఇవ్వు.”

“ఇవ్వను.”

“సంతకానికి కాదు. కామ్‌కి తిరిగి ఇవ్వాలి. మేనేజరుది. ఆఁ. ఇక ఆ నమూనా సంచిలో పెట్టుకో. వెళ్లు. చెప్పేది చెప్పు.”

“మీరు?”

“నేను రాను.”

“రాకపోతే ఎలా? మీ పరువు కోసమే కదా ఇదంతా. వాళ్ల ముందు పోయింది, వాళ్ల ముందే రావాలి.”

“నీ నోటితో చెప్తే చాలు. కుర్చీలో నువ్వు కూర్చో. క్వాంగ్ వెళ్లగొడితే ఇంకోచోట ఇంకో కుర్చీ. నీ చెవి నీ దగ్గరుంటుంది.”

“నాకు ఆ కుర్చీ వద్దు. దాని వంక చూస్తేనే భుజం మీద చెయ్యి గుర్తొస్తోంది. మీకు నా మీద కోపం, అందుకే రానంటున్నారు.”

“కోపం లేదు.”

“ఉండాలి. నేనైతే మొహం చూడను.”

“నీ మొహం చూడకుండా నాకు గడుస్తుందా. నిన్నటిదాకా దాన్ని చూసే గడిపాను.”

“మరెందుకు రారు? మీ చెవి తప్పలేదని చెప్తుంటే వినరేం. తప్పింది నేను. రెండోది మీ తల మీద పెట్టానో లేదో ఇదే అన్నారు. ముందు వాయిద్యం కూడా పూర్తి కాలేదు, పాడేవాడు నోరు తెరవలేదు. గదిలో అందరూ మొహమొహాలు చూసుకున్నారు. అంత తొందరగా పట్టే చెవి ఈ ఊళ్లో ఇంకెవరికుంది?”

“ఆ పిట్ట ఇంకా పాడుతోందా?”

“ఏ పిట్ట? ఆఁ, పాడుతోంది. నేను వచ్చినప్పటినుంచీ ఆపలేదు.”

“ఊఁ. నాకు దాని నోరు కదలడం కనిపిస్తోంది.”

“మాట మార్చకండి గురువుగారూ. ఒక్కటి చెప్పండి. ఒకే రకం గిన్నెలు, ఒకే మెత్తలు. బరువు కూడా తేడా రాకుండా నేనే సరిచూశాను. కళ్లకి కట్టు. చెవితో కాకపోతే దేంతో పట్టుకున్నారు?”

“రెండూ నాకు ఒకేలా వినిపించాయి తల్లీ. మొదటిది పెట్టినప్పుడు నీ వేళ్లు కుదురుగా ఉన్నాయి. రెండోది పెట్టినప్పుడు వణికాయి.”